దేవుడు, దయేవుడు, దయ్యం: అర్థ విపర్యయం మత విభేదానికి సాక్ష్యమా?

లాటిన్‌లో దేవుణ్ణి దేఉస్ అంటారు, గ్రీకులో థెయోస్ అంటారు. భాషలు రెండూ ఒకే కుటుంబానివి, అర్థం ఒకటే, ధ్వని కూడా దగ్గరే. అయినా ఈ రెండు మాటలకూ సంబంధం లేదు. గ్రీకు పదాదిలోని ఈ థకారానికి సంస్కృతంలో ధకారం, లాటిన్‌లో ఫకారం రావాలి. పొగకు సంస్కృతంలో ధూమం, లాటిన్‌లో ఫూముస్. అదే మాట గ్రీకులో థూమోస్ అయి ఆవేశాన్ని, ప్రాణాన్ని సూచిస్తుంది. దేఉస్‌కు దాయాది మన దేవ శబ్దం. గ్రీకులో ఆ వంశంవాడు జ్యూస్, మన ద్యౌః. వినడానికి మాత్రం ఆ పోలికే కనిపించదు.

ఇంగ్లీషు డెవిల్ కూడా దేవ శబ్దం తిరగబడగా పుట్టిందని అనేవారున్నారు. దాని మూలం గ్రీకు దియాబొలోస్, నిందలు మోపేవాడని అర్థం. ఐరోపాలోని రోమానీ ప్రజలు దేవుణ్ణి పిలిచే దేవెల్ మాత్రం నిజంగానే సంస్కృత దేవతా శబ్దం. అచ్చుల నడిమి తకారం వారి భాషలో లకారమవుతుంది. యువతి జువెల్ అయింది. ఇంగ్లీషువాడి చెవికి ఆ దైవనామం సైతానులా వినిపించడం కేవలం కాకతాళీయం.

అసలు చిక్కు ఇరాన్‌లో ఉంది. అక్కడ చుట్టరికం నిస్సందేహం, అర్థమే తలకిందులు. సంస్కృత సకారం అవెస్తా భాషలో హకారమవుతుంది: సోమ హఓమ, సప్త హప్త, అసుర అహుర. జరతుష్ట్ర మతంలో పరమేశ్వరుడు అహుర మజ్దా; మన దేవ శబ్దానికి అక్కడి రూపమైన దయేవులు మాత్రం తిరస్కరించవలసిన దుష్టశక్తులు. వెందిదాద్ గ్రంథం పేరుకే దయేవులకు వ్యతిరేకమైన ధర్మమని అర్థం. ఇంద్రుడు, నాసత్యుడు అందులో దయేవుల జాబితాకెక్కారు. షానామాలో రుస్తుం చంపిన తెల్ల దీవ్ ఈ మాటకు వారసుడే. ఆ పారసీక శబ్దం ఉర్దూ కథల్లోకి దేవ్‌గా వచ్చి రాక్షసుడైంది.

జర్మన్ పండితుడు మార్టిన్ హాగ్ పుణెలో సంస్కృతం బోధిస్తూ, 1862లో బొంబాయిలో అచ్చయిన పార్సీ మత వ్యాసాల్లో దీనికొక కారణం చెప్పాడు: ఒకప్పుడు కలిసి బతికిన రెండు తెగలు మతకలహంతో విడిపోయి, ఒకరి దేవతలను మరొకరు దయ్యాలను చేసుకున్నారట. వినడానికి ముచ్చటైన కథ. కానీ ఋగ్వేదం దానికి సహకరించదు. అందులో వరుణుడు అసురుడు, అగ్ని అసురుడు, ఇంద్రుడూ అసురుడే. అది అధికారాన్ని, శక్తిని చెప్పే గౌరవవాచకం. అసురులు దేవతలకు పగవారుగా స్థిరపడింది బ్రాహ్మణాల కాలానికి. సుర శబ్దం ఆ తర్వాతే, అసురలోని అకారాన్ని నిషేధార్థకమనుకుని విడదీయగా పుట్టింది. వారుణిని స్వీకరించినవారు సురలు, కాదన్నవారు అసురులు అని రామాయణ బాలకాండ చెప్పే వ్యుత్పత్తి ఈ కల్పితపదానికి దొరికిన అందమైన సమర్థన. ఇరాన్‌లో కూడా తిరస్కారం సంపూర్ణం కాదు. ఇంద్రుణ్ణి వెలివేసినవారు మిత్రుణ్ణి మిథ్ర పేరుతో కొలుస్తూనే ఉన్నారు. రెండు వైపులా మార్పు వేరువేరు కాలాల్లో, వేరువేరు కారణాలతో జరిగిందనడమే సబబు.

హాగ్ వాదంలోని లోపం తెలుగు పాఠకుడికి ఇంట్లోనే కనిపిస్తుంది. దైవము ప్రకృతి, దయ్యము వికృతి. పాత తెలుగులో దయ్యమంటే దేవుడే. నిఘంటువులు ఆ అర్థాన్ని ఇప్పటికీ ఇస్తాయి. తమిళ తెయ్‌వం దేవుడిగానే నిలిచింది, తెలుగు దయ్యం పిశాచమైంది. దీని వెనుక ఏ ప్రవక్తా లేడు, ఏ తెగా చీలిపోలేదు. తత్సమం గుడిలో, కావ్యంలో స్థిరపడుతుంటే, వాడుకమాటకు ఊరి పొలిమేరలోని భయాలు అంటుకున్నాయని నా ఊహ. తుళునాడులో ఈ రెండూ ఇంకా పూర్తిగా విడిపోలేదు: కోలం అనే ఆరాధనలో పూనే శక్తిని అక్కడివారు దైవమనీ అంటారు, భూతమనీ అంటారు, మొక్కులూ చెల్లిస్తారు. మతకలహం లేకుండానే ఒక భాషలో దైవం దయ్యం కాగలిగినప్పుడు, అవెస్తాలోని విపర్యయాన్ని మాత్రమే చూపి చరిత్రలో ఒక యుద్ధాన్ని నిరూపించలేం. ఇరాన్‌లో తిరస్కారం జరిగిందనడానికి ఆధారం అవెస్తాలోని ప్రార్థనాభాగమైన యస్న 12లో భక్తుడు దయేవులను నోరారా కాదనడం. మాట పోలిక కాదు.