పసుపు కార్డు నుంచి క్యూఆర్ కోడ్ దాకా: కరోనా కాలంలో బండే ఇల్లయినవాళ్ల కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక బండి గురించి, ఒక కాగితం గురించి మాట్లాడుకుందాం.

బండి పేరు మోటార్‌హోమ్. మనవాళ్లు కారవాన్ అంటారు కదా, షూటింగ్‌లో హీరోలు కూర్చునేది, అలాంటిదే. మంచం, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ లోపలే. కాకపోతే యూరప్‌లో అది హీరోల బండి కాదు. రిటైరైన టీచరు, నర్సు, ప్లంబరు కొనుక్కుంటారు. బ్రిటన్‌లో చలికాలం మొదలైతే ఇంటికి తాళం వేసి, బండిని ఇంగ్లిష్ చానల్ దాటించి, ఫ్రాన్స్ మీదుగా స్పెయిన్, పోర్చుగల్ వెళ్లిపోతారు. కొంతమంది ఇంకో ఓడెక్కి మొరాకో కూడా పోతారు. మార్చి, ఏప్రిల్‌లో తిరిగొస్తారు. యూరప్‌లో షెంగెన్ ఒప్పందం వల్ల దేశానికీ దేశానికీ మధ్య గేటు ఉండదు, ఆపేవాడు ఉండడు. మనం ఖమ్మం నుంచి విజయవాడ వెళ్లినట్టే.

2020 మార్చిలో అదంతా ఆగిపోయింది. మార్చి 14న స్పెయిన్ ఎమర్జెన్సీ ప్రకటించింది. 17వ తేదీ మధ్యాహ్నం నుంచి ఫ్రాన్స్ లాక్‌డౌన్. మొరాకో సరిహద్దులు మూసేసింది. అక్కడ చలికాలం గడుపుతున్న యూరప్ ముసలివాళ్లు, ముఖ్యంగా ఫ్రెంచివాళ్లు, తమ బండ్లతో సహా ఇరుక్కుపోయారు. ఓడలు లేవు. బండి వదిలేసి విమానం ఎక్కుదామంటే, ఆ బండే వాళ్ల ఇల్లు, వాళ్ల పొదుపు అంతా.

ఫ్రాన్స్‌లో రూల్ ఏంటంటే, బయటికి వచ్చిన ప్రతిసారీ ఎందుకు వచ్చామో ఒక ఫారం నింపి జేబులో పెట్టుకోవాలి. వాకింగ్‌కైతే గంట సేపు, ఇంటి నుంచి కిలోమీటరు లోపల. మరి ఇంటికే చక్రాలుంటే కిలోమీటరు ఎక్కడి నుంచి కొలవాలి? నవ్వొస్తుంది కానీ, ఊరి బయట పార్కింగ్‌లో నిలబడ్డ మనిషికి అది నవ్వులాట కాదు.

మనకి ఇది అర్థం కాని విషయమేమీ కాదు. అదే మార్చిలో హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. పిల్లలు పోలీస్ స్టేషన్‌కి వెళ్లి ఎన్‌ఓసీ తీసుకుని, బైకుల మీద, కార్లలో ఆంధ్రా వైపు బయల్దేరారు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. తెలంగాణ పోలీసులిచ్చిన కాగితం ఆంధ్రాలో చెల్లలేదు. మీలో కొందరు ఆ లైన్‌లో నిలబడి ఉంటారు కూడా. ఒక గవర్నమెంట్ ఇచ్చిన కాగితం పక్క గవర్నమెంట్ దగ్గర చెల్లుతుందా లేదా అన్నదే ఈ మొత్తం కథ. కరోనా మొదలుపెట్టిన కథ కూడా కాదిది.

మూడు వందల ఏళ్లు వెనక్కి వెళ్దాం. 1720 మే నెల. ఫ్రాన్స్ దక్షిణాన మార్సెయ్ రేవుకి గ్రాండ్ సెయింట్ ఆంట్వాన్ అనే ఓడ వచ్చింది. సిరియా వైపు నుంచి పట్టు, దూది తెచ్చింది. దారిలోనే ఓడలో మనుషులు చనిపోయారు. ఆ కాలంలో ప్రతి ఓడ దగ్గరా ఆరోగ్య పత్రం ఉండాలి. బయల్దేరిన రేవులో జబ్బు ఉందో లేదో అందులో రాస్తారు. ఈ ఓడ దగ్గరా పత్రాలున్నాయి. ఊరి పెద్దల్లో కొందరికి ఆ సరుకులో వాటా ఉంది, పక్కనే బోకేర్‌లో పెద్ద సంత దగ్గర పడుతోంది. సరుకు త్వరగానే ఒడ్డుకు చేరింది. దాంతోపాటు ప్లేగు కూడా దిగింది. రెండేళ్లలో ఆ నగరంలో దాదాపు సగం మంది పోయారు.

ఆ తర్వాత ఏం చేశారో తెలుసా? 1721లో కొండల మీద 27 కిలోమీటర్ల పొడవున రాతి గోడ కట్టారు. సిమెంటు లేదు, సున్నం లేదు, రాయి మీద రాయి పేర్చడమే. కాపలాకి సైనికులు. ఆరోగ్య చీటీ లేనివాడికి దారి లేదు. ఆ గోడ ముక్కలు ప్రోవాన్స్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడు టూరిస్టులు మోటార్‌హోమ్ పక్కన పెట్టి ఆ గోడ వెంబడి నడుస్తుంటారు!

అప్పటికి టీకా లేదు. కాబట్టి ఆ చీటీ మనిషి గురించి ఏమీ చెప్పదు, అతను వచ్చిన ఊరి గురించి చెబుతుంది. టీకాలు వచ్చాక కాగితం మనిషి ఒంటి గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. అందులో మన దేశానికి చోటుంది. 1897 జనవరిలో బొంబాయిలో వాల్డెమార్ హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త ప్లేగు టీకా తయారుచేసి, మొదటి సూది తనకే పొడుచుకున్నాడు. ప్లేగు రోజుల్లో ఆ టీకా సర్టిఫికెట్ చేతిలో ఉన్నవాళ్లకి ప్రయాణాల్లో కొంత వెసులుబాటు దొరికేది. అదే ఏడాది వచ్చిన ఎపిడెమిక్ డిసీజెస్ యాక్ట్‌నే 2020లో మన రాష్ట్రాలు మళ్లీ బయటికి తీశాయి. 123 ఏళ్ల పాత చట్టాన్ని కరోనా ఆంక్షల కోసం వాడారు.

ఇక పసుపు కార్డు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డబ్ల్యూహెచ్‌ఓ వచ్చింది. 1951లో దేశాలన్నిటికీ ఒకే రకం ఆరోగ్య నిబంధనలు పెట్టింది. మశూచి, కలరా, ఎల్లో ఫీవర్, వీటి టీకా వేయించుకున్నట్టు ఒక చిన్న పుస్తకం. 1960ల్లో, 70ల్లో యూరప్ కుర్రాళ్లు ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లలో పరుపులేసుకుని ఇస్తాంబుల్, టెహ్రాన్, కాబూల్, లాహోర్ మీదుగా ఢిల్లీ, అక్కడి నుంచి ఖాట్మండూ వచ్చేవారు. హిప్పీ దారి అంటారు దాన్ని. ఆ వ్యాన్లు ఒకరకంగా ఇప్పటి మోటార్‌హోమ్‌లకి పెద్దన్నలు. ఆ కుర్రాళ్ల సంచిలో పాస్‌పోర్ట్ పక్కనే ఆ టీకా పుస్తకం ఉండేది. మశూచి టీకా మూడేళ్లు చెల్లుతుంది, కలరా సూది ఆరు నెలలే. దారిలో గడువు అయిపోతే బార్డర్ దగ్గరే సూది పొడిపించుకోవాల్సిన పరిస్థితి.

కలరా సూది విషయం గమ్మత్తుగా ఉంటుంది. ఆ టీకా మనిషిని కొన్ని నెలలు కొంతవరకు కాపాడేది కానీ, జబ్బు దేశం దాటకుండా ఆపలేకపోయింది. 1961లో మొదలైన ఏడో కలరా మహమ్మారి ఎన్ని సర్టిఫికెట్లు అడిగినా ఖండాలు దాటేసింది. దాంతో 1973లో డబ్ల్యూహెచ్‌ఓ ఆ సర్టిఫికెట్ అడగడం తన నిబంధనల్లోంచి తీసేసింది. అయినా కొన్ని దేశాలు ఆ తర్వాత కూడా అడుగుతూనే ఉన్నాయి. ఒకసారి మొదలైన కాగితం అంత తేలిగ్గా పోదు మరి.

మశూచి మాత్రం వేరు. 1972లో యుగోస్లావియాకి చెందిన ఒక యాత్రికుడు మక్కా, ఇరాక్ వెళ్లి బస్సులో తిరిగొచ్చాడు. బయల్దేరే ముందు టీకా వేయించుకున్నాడు, కానీ అది పనిచేయలేదు. ఆయన నుంచి మొదలై 175 మందికి మశూచి వచ్చింది, 35 మంది చనిపోయారు. ప్రభుత్వం రోడ్లు మూసి, ఊళ్లు చుట్టుముట్టి, కొన్ని వారాల్లోనే దాదాపు 1 కోటి 80 లక్షల మందికి టీకా వేసింది. జబ్బు ఆగింది. ఇక్కడ రెండు నిజాలు పక్కపక్కనే ఉన్నాయి చూడండి. ఒక మనిషి టీకా ఫెయిలయింది. దేశం మొత్తానికి వేసిన టీకా గెలిచింది. 2021లో సోషల్ మీడియాలో జనం కొట్టుకున్నదంతా ఈ రెండిట్లో ఒక్కటే చూసి.

సరే, మళ్లీ కరోనా. 2020 వేసవిలో యూరప్ కాస్త తెరుచుకుంది. హోటల్ అంటే భయం, విమానం అంటే భయం. అందరి కళ్లూ మోటార్‌హోమ్ మీద పడ్డాయి. ఆ ఏడాది జర్మనీలోనే 78 వేలకు పైగా కొత్తవి రిజిస్టరయ్యాయి, ముందటేడు కంటే దాదాపు 45 శాతం ఎక్కువ. ఎవరి వంట వాళ్లది, ఎవరి టాయిలెట్ వాళ్లది. ఇంతకంటే భద్రమైన ప్రయాణం ఏముంటుంది?

కానీ నిబంధన మీ బండి లోపలికి తొంగి చూడదు, మీరు వచ్చిన దేశం పేరు చూస్తుంది, 1720లో లాగే. జులై 25న బ్రిటన్ హఠాత్తుగా స్పెయిన్‌ని సురక్షిత దేశాల జాబితా నుంచి తీసేసింది. ఆ అర్ధరాత్రి నుంచే అమలు. తిరిగొచ్చినవాళ్లు 14 రోజులు ఇంట్లో కూర్చోవాలి. ఆ దేశ రవాణా మంత్రి గ్రాంట్ షాప్స్ అప్పుడే సెలవు మీద స్పెయిన్‌లో దిగాడు. ఆయన కూడా తిరిగొచ్చి క్వారంటైన్‌లో ఉండాల్సి వచ్చింది. ఆగస్టు 13 రాత్రి ఫ్రాన్స్ వంతు. 15వ తేదీ తెల్లవారుజామున 4 గంటల లోపు బ్రిటన్ నేల మీద ఉంటే సరే, 4 దాటితే 14 రోజులు. ఫ్రాన్స్ నలుమూలల నుంచి కార్లు, మోటార్‌హోమ్‌లు కలే వైపు పరిగెత్తాయి. సముద్రం కింద సొరంగంలో బండ్లని మోసుకెళ్లే రైలు టిక్కెట్లు అయిపోయాయి.

దీంట్లో మోటార్‌హోమ్ వాళ్లకి ఒక సందు దొరికింది. జాబితాలో లేని దేశం గుండా సొంత బండిలో వస్తూ, ఎవర్నీ ఎక్కించుకోకుండా, దిగి జనంలో కలవకుండా దాటేస్తే ఆ దేశం లెక్కలోకి రాదు. కారువాడికి కష్టం. వెనకాల బాత్రూమ్ ఉన్నవాడికి తేలిక. ట్యాంకు నిండా డీజిల్ కొట్టించుకుని ఒక్క బిగిన దాటేయడమే.

2020 డిసెంబర్ 8న బ్రిటన్‌లో టీకాలు మొదలయ్యాయి. మోటార్‌హోమ్ జనం ఎక్కువగా పెద్దవయసువాళ్లు కాబట్టి ముందు వరసలోనే పడ్డాయి. 2021 జులై 1 నుంచి యూరోపియన్ యూనియన్ క్యూఆర్ కోడ్ సర్టిఫికెట్ మొదలుపెట్టింది. ఇక రోడ్డు ఖాళీ అనుకున్నారు.

ఇక్కడే అసలు తిరకాసు. ఆ మార్చిలో పుణె సీరమ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి బ్రిటన్‌కి 50 లక్షల డోసులు వెళ్లాయి. అదే ఆస్ట్రాజెనెకా ఫార్ములా. కానీ యూరప్ మందుల సంస్థ మందుకే కాదు, అది తయారైన ఫ్యాక్టరీకి కూడా అనుమతి ఇస్తుంది. పుణె ఫ్యాక్టరీ ఆ జాబితాలో లేదు. బ్రిటిష్ వాళ్ల టీకా కార్డు మీద బ్యాచ్ నంబర్ ఉంటుంది. 4120జెడ్ అని మొదలైతే పుణె సరుకే. జులైలో మాల్టా వెళ్లబోయిన కొందరిని ఈ నంబర్ చూసి విమానం ఎక్కనివ్వలేదు. ఎక్కడెక్కడి పెన్షనర్లూ అద్దాలు పెట్టుకుని కార్డులో నంబర్ వెతుక్కున్నారు. ఒకే రోజు, ఒకే హాలులో, పక్క పక్క కుర్చీల్లో సూది వేయించుకున్న భార్యాభర్తల్లో ఒకరి కార్డు చెల్లి, ఇంకొకరిది చెల్లకపోయే అవకాశం ఉండింది!

జులై మధ్యకల్లా మాల్టా, ఫ్రాన్స్ దిగొచ్చి కోవిషీల్డ్‌ని ఒప్పుకున్నాయి. బ్రిటన్ ప్రభుత్వం కూడా "మా దేశంలో వేసిన ఆస్ట్రాజెనెకా అంతా ఒక్కటే" అని వాదించింది. మంచి మాటే. మరి రెండు నెలలు తిరక్కుండానే అదే బ్రిటన్ ఏం చేసింది? అదే పుణె టీకాని ఇండియాలో వేయించుకున్నవాళ్లని టీకా లేనివాళ్లుగా లెక్కేస్తాం అంది. గొడవయ్యాక టీకాతో సమస్య లేదు, సర్టిఫికెట్‌తోనే అంది. మన కోవిన్ సర్టిఫికెట్‌లో పూర్తి పుట్టిన తేదీ ఉండేది కాదు, దాన్ని చేర్చారు. అక్టోబర్ 4 నుంచి మనమూ బ్రిటన్ నుంచి వచ్చేవాళ్లకి 10 రోజుల క్వారంటైన్ పెట్టాం. అక్టోబర్ 11 నుంచి వాళ్లు ఎత్తేశారు. ఇందులో సైన్స్ ఎంత, పంతం ఎంత అని నన్నడిగితే పంతం వైపే మొగ్గుతాను.

హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్ ఇంకా ఇబ్బంది పెట్టింది. డబ్ల్యూహెచ్‌ఓ జాబితాలోకి వచ్చింది 2021 నవంబర్ 3న. అమెరికాలో క్లాసులు మొదలయ్యేది ఆగస్టులో. కోవాగ్జిన్ రెండు డోసులు అయిన పిల్లల్ని కొన్ని అమెరికా యూనివర్సిటీలు మళ్లీ వేరే టీకా వేయించుకోమన్నాయి. మన ఊళ్లో తయారైన టీకా, మన పిల్లల వీసా ఫైల్‌లోనే బరువైంది.

అటు రోడ్డు మీద కష్టాలు తీరలేదు. బ్రెగ్జిట్ వల్ల 2021 నుంచి బ్రిటిష్ వాళ్లకి షెంగెన్‌లో 180 రోజుల్లో 90 రోజులే. అంటే చలికాలమంతా స్పెయిన్ అనేది కరోనా పోయినా తిరిగి రాదు. ఒమిక్రాన్ వచ్చాక డిసెంబర్ 18 నుంచి ఫ్రాన్స్ బ్రిటిష్ టూరిస్టుల్ని రానివ్వలేదు. టీకా ఉన్నా సరే. వేరే దేశంలో స్థిరపడిన బ్రిటిష్ వాళ్లు ఫ్రాన్స్ మీదుగా ఇంటికెళ్లడానికి కూడా కొన్ని రోజులు ఇబ్బంది పడ్డారు. జనవరి 14న మళ్లీ తెరిచారు.

టీనేజర్లున్న కుటుంబాల సంగతి వేరే. స్పెయిన్ డిసెంబర్ 1 నుంచి బ్రిటన్ టూరిస్టుల్లో 12 ఏళ్లు దాటిన అందరికీ పూర్తి టీకా ఉండాలంది, టెస్ట్ చూపిస్తే కుదరదంది. బ్రిటన్‌లో ఆ వయసు పిల్లల్లో చాలామందికి అప్పటికి ఒక్క డోసే. రెండోదానికి 12 వారాలు ఆగాలి. బండి రెడీ, అమ్మానాన్న రెడీ, తమ్ముడికి పదేళ్లు కాబట్టి వాడూ రెడీ. పదమూడేళ్ల అక్క వల్ల ట్రిప్పు ఆగిపోయింది. తప్పు ఆ పిల్లది కాదు, షెడ్యూల్‌ది. 2022 ఫిబ్రవరి 14న స్పెయిన్ పిల్లలకి టెస్ట్ చాలంది.

అదే నెల 1 నుంచి యూరప్ ఇంకో మెలిక పెట్టింది. బూస్టర్ లేకపోతే సర్టిఫికెట్ 270 రోజులే చెల్లుతుంది. ముందుగా టీకా వేయించుకున్నవాళ్లకే ముందుగా గడువు తీరింది. యాభై ఏళ్ల కిందట వ్యాన్‌లో పరుపేసుకుని వచ్చిన కుర్రాళ్లు కలరా సూదికి ఆరు నెలలు లెక్కపెట్టుకున్నారు. వాళ్లలో కొందరు ఇప్పుడు డెబ్బై దాటి, మోటార్‌హోమ్‌లో కూర్చుని 270 రోజులు లెక్కపెట్టుకుని ఉంటారు.

ఆ యూరప్ సర్టిఫికెట్ 2023 జూన్ 30తో ముగిసింది. దాని టెక్నాలజీని డబ్ల్యూహెచ్‌ఓ తీసుకుంది. పసుపు కార్డు మాత్రం ఇంకా ఉంది. ఆఫ్రికాలో కొన్ని దేశాలకి వెళ్లాలంటే ఈరోజుకీ అడుగుతారు. 2016 నుంచి ఎల్లో ఫీవర్ టీకా ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది.

హాఫ్‌కిన్ గురించి ఇవాళ రెండు ముక్కల్లో దాటేశాను. ఆయన కథ పెద్దది, వచ్చే ఎపిసోడ్ పూర్తిగా ఆయనదే. ఉంటానండీ.