చలిదేశంలో నూతి కథ

మన ప్రాంతాలలో నూతికి శత్రువు ఎండ. వైశాఖం వచ్చేసరికి నీరు అడుగంటుతుంది. చేదతాడుకు మరో రెండు బారలు ముడివేయవలసి వస్తుంది. ఉత్తర అమెరికాలో నూతికి శత్రువు చలి. నూతినిండా నీళ్లుంటాయి, కాని జనవరి తెల్లవారుజామున కొళాయి తిప్పితే చుక్క రాదు. మనవారు కొందరు ఊరి పొలిమేరలు దాటి ఇళ్లు కొనుక్కుంటున్నారు. మునిసిపాలిటీ నీరు అందని చోట్ల సొంత బోరే దిక్కు. ఆ బోరును చలి నుంచి కాపాడే ఏర్పాట్లు ఒక్కనాటివి కావు. ఆ చరిత్ర తెలిస్తే మన పెరట్లో ఏది ఎందుకున్నదో బోధపడుతుందని మా ఉద్దేశం.

ముందుగా నేల సంగతి. చలికాలంలో నేల పైనుంచి కిందికి గడ్డకడుతూ పోతుంది. అది ఎంత లోతుకు దిగుతుందో ఆ హద్దును ఇక్కడివారు ఫ్రాస్ట్ లైన్ అంటారు. మిన్నెసోటా నిబంధనల ప్రకారం ఇంటి పునాదులు దక్షిణ భాగంలో 42 అంగుళాలు, ఉత్తర భాగంలో 60 అంగుళాల లోతుకు దిగాలి. నీటి గొట్టాలను అంతకంటె లోతుగా, ఏడెనిమిది అడుగులలో వేయడం పరిపాటి. ఇంకా లోతుకు, 30 అడుగులదాకా పోతే, భూమి వేడిమి ఆ ప్రాంతపు సంవత్సర సగటుకు దగ్గరగా, ఏడాది పొడుగునా నిలకడగా ఉంటుంది. కనుక లోతున ఉన్న నూతినీరు గడ్డకట్టదు. నూతికీ ఇంటికీ నడుమ గొట్టంలో కదలకుండా నిలిచిన నీటితోనే ప్రమాదం. గడ్డకట్టేటప్పుడు నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి ఇనుప గొట్టమైనా పగలవలసిందే.

చేదతో తోడుకున్నంతకాలం ఈ చిక్కు అంతగా లేదు. 19వ శతాబ్దంలో పోత ఇనుము చేతిపంపులు వాడుకలోకి వచ్చాక మొదలైంది. వంటింట్లో ఉండే చిన్న పంపు సుమారు 25 అడుగుల లోతునుంచి నీటిని పీల్చేది. రాత్రి పడుకోబోయే ముందు దాని పిడిని బాగా పైకెత్తితే లోపలి కవాటం తెరుచుకుని నీరంతా తిరిగి నూతిలోకి జారిపోయేది. పొద్దున్నే పంపులో పోసి మళ్లీ నీరు పట్టించడానికి చెంబెడు నీళ్లు ఇంట్లో దాచిపెట్టేవారు. లోతు నూతుల పంపులకు ఇంకొక ఉపాయం ఉండేది. నూతిలోకి దిగే గొట్టానికి ఫ్రాస్ట్ లైన్‌కు దిగువన సన్నని బెజ్జం పెట్టేవారు. పంపు కొట్టడం ఆపగానే పైనున్న నీరు ఆ బెజ్జంగుండా నూతిలోకే కారిపోయేది. కొట్టినంతసేపూ కొంత నీరు వృథా అయినా, గొట్టం దక్కేది.

1854లో కనెక్టికట్‌కు చెందిన డేనియల్ హాలడే, గాలి వాటాన్నిబట్టి తనంతట తానే సర్దుకునే గాలిమరకు పేటెంటు పొందాడు. మైదాన ప్రాంతాల పశువులకు నీరు తోడిపెట్టినవి ఇలాంటి గాలిమరలే. అక్కడా గొట్టం ఖాళీ చేసే ఏర్పాటు తప్పలేదు. పశువుల తొట్లలో నీరు గడ్డకట్టకుండా కట్టెలో బొగ్గులో వేసి మండించే చిన్న పొయ్యిలను నీటిలోనే దించేవారు.

ఈ కథను మలుపు తిప్పినది కరెంటు. 1935లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ సంస్థను ఏర్పరచేనాటికి ఈ దేశంలో కరెంటున్న వ్యవసాయ కుటుంబాలు పదింట ఒకటి మాత్రమే. కరెంటుతోపాటు మోటారు, మోటారుతోపాటు ప్రెజర్ టాంకు వచ్చాయి. కొళాయి తిప్పగానే నీరు రావాలంటే గొట్టంలో ఎల్లవేళలా నీరు నిండి ఉండాలి. అంటే రాత్రిపూట ఖాళీ చేసే పాత ఉపాయం పనికిరాదు. అందుకని నూతి చుట్టూ ఆరేడడుగుల గుంట తవ్వి, కాంక్రీటు గోడలు కట్టి, పైన మూత వేసి, పంపునూ టాంకునూ అందులో పెట్టారు. ఆ గుంటలో గడ్డి కూరినవారున్నారు, దీపం బల్బు వెలిగించి ఉంచినవారున్నారు.

చలి ఆగింది, కాని నీటికే ముప్పు వచ్చింది. నూతి గొట్టం నోరు నేలమట్టానికి దిగువన ఉండడంతో, మంచు కరిగిన నీరూ పశువుల కొట్టం కడుగూ గుంటలో చేరి నూతిలోకి దిగేవి. చల్లటి నీళ్లని ఇంటిల్లిపాదీ తాగేది ఆ కలుషితమే. గాలి ఆడని గుంటలోకి మరమ్మత్తుకు దిగినవారు ఊపిరాడక ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలూ ఉన్నాయి. విస్కాన్సిన్ రాష్ట్రం 1936లోనే నూతుల తవ్వకానికి నిబంధనలు పెట్టింది. కాలక్రమాన అనేక రాష్ట్రాల ఆరోగ్యశాఖలు ఇటువంటి కొత్త గుంటలను నిషేధించాయి.

గుంట లేకుండా చేసే సాధనం పేరులోనే ఆ కథ ఉన్నది: పిట్‌లెస్ ఎడాప్టరు, అంటే గుంట అక్కరలేని అతుకు. బోరు ఇనుపగొట్టానికి ఫ్రాస్ట్ లైన్‌కు దిగువన పక్కగా రంధ్రం చేసి ఈ అతుకు బిగిస్తారు. నీరు పైదాకా రానక్కరలేకుండా అక్కడే పక్కకు తిరిగి, భూమి లోపలినుంచే ఇంటికి చేరుతుంది. బోరుగొట్టం మాత్రం నేలకు కనీసం 12 అంగుళాల ఎత్తున నిలిచి, గట్టి మూతతో శుభ్రంగా ఉంటుంది. దీనికి తోడుగా నీటిలోనే మునిగి పనిచేసే మోటారు పంపు వచ్చింది. టిఫ్లిస్‌లో పుట్టిన ఆర్మీనియన్ ఇంజనీరు అర్మాయిస్ అరుటునాఫ్ అటువంటి పంపును 1920లలో చమురు బావులకోసం రూపొందించాడు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఆ తరహా చిన్న పంపులు ఇళ్ల బోర్లలోకి దిగాయి.

ఈ చరిత్రలో చలికి రెండు విరుగుడులు కనిపిస్తాయి: నేల లోతు ఒకటి, అరువు తెచ్చుకున్న వేడి రెండవది. రెండవదాని బలహీనత 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో బయటపడింది. ఆ రాష్ట్రంలో నేల అంతగా గడ్డకట్టదు కనుక టాంకూ గొట్టాలూ నేలమీదనే ఉంచి, చిన్న పాకలో బల్బు పెట్టుకోవడం అలవాటు. తుఫానుకు 40 లక్షలకు పైగా ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు పోయింది. బల్బు ఆరింది, పంపు ఆగింది, గొట్టాలు పగిలాయి. ఆ విపత్తులో 246 మంది మరణించినట్లు రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్కకట్టింది. కరెంటు పోతే ఉత్తరాదిన కూడా పంపు తిరగదు. కాని లోతున వేసిన గొట్టానికి భయం లేదు.

లోతును నమ్ముకున్నవారికీ ఒక హెచ్చరిక ఉన్నది. నేలమీది మంచు దుప్పటిలాంటిది. దాన్ని ఊడ్చివేసిన కారుబాట కింద చలి మరింత లోతుకు దిగుతుంది. 2014 చలికాలం చివర విస్కాన్సిన్, మిన్నెసోటాలలో ఊళ్ల నీటిగొట్టాలు సైతం గడ్డకట్టాయి.

కనుక బోరున్న సభ్యులకు మా మనవి. మీ గొట్టం ఏ దారిన, ఎంత లోతున వస్తున్నదో బోరు వేసినవారి కాగితాలలో చూసుకోండి. ఆ దారిమీది మంచును కదిలించకండి. ప్రెజర్ స్విచ్చికి పోయే సన్నగొట్టం చలికి తొందరగా లొంగుతుంది కనుక దానికి వెచ్చని చోటు చూడండి. తోట గొట్టాన్ని కొళాయికి తగిలించి వదలకండి. మంచుకు తట్టుకునే కొళాయి అయినా నీరు దిగిపోక పగులుతుంది. పాత గుంట ఉంటే మీరు దిగవద్దు, తెలిసిన పనివాణ్ణి పిలవండి. బోరు నీటిని ఏడాదికొకసారి పరీక్ష చేయించండి. ఇల్లు కాలేటప్పుడు నుయ్యి తవ్వినట్లు కాకుండా, ఈ పనులు ఆకులు రాలేనాటికే ముగించుకోవలసిందిగా కోరుతున్నాము.