కలహాంతరిత పదము: పశ్చాత్తాపగీత రచనా సంప్రదాయము

కాశీబుగ్గ, టెక్కలి, పర్లాకిమిడి ప్రాంతములు 1936 వరకు ఒకే గంజాం జిల్లాలోనివి. టెక్కలి చేరువనున్న నౌపడానుండి పర్లాకిమిడికి 1900లో చిన్నరైలు నడచెను. 1936 ఏప్రిలులో ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా పర్లాకిమిడి పట్టణ మటు పోయినను, తెలుగు పదసాహిత్యమునకు ఆ సీమ చేసిన సేవ మరువరానిది. పర్లాకిమిడిలో అధ్యాపకులై వ్యావహారిక భాషకై పోరాడిన గిడుగు వేంకట రామమూర్తిగారి కుమారులు సీతాపతిగారు 1952లో క్షేత్రయ్య పదములను పరిష్కరించి ప్రకటించిరి. కోపమున ప్రియుని వెడలగొట్టి పిదప కుమిలిపోవు నాయిక మాటలు ఈ పదములలో ఎట్లు కూర్పబడినవో పరిశీలించుట యీ వ్యాసమున కుద్దేశము.

భరతుడు చెప్పిన అష్టవిధ నాయికలలో ఇట్టి స్త్రీ కలహాంతరిత. 12వ శతాబ్దికి చెందిన జయదేవుని గీతగోవిందమున తొమ్మిదవ సర్గలో రాధ ఈ యవస్థలోనే యున్నది. అయితే అచ్చటి గీతమున మాటలాడునది సఖి. తప్పు నెత్తిచూపునదియు ఆమెయే. 17వ శతాబ్దివాడైన క్షేత్రయ్య ఆ భారమును తరచుగా నాయికకే యొప్పగించెను. సఖి వినునదిగా మిగిలినది. మందలింపు ఇట్లు ఒప్పుకోలుగా మారినది. ఒప్పుకోలునకు అలంకారభాష నప్పదు గనుక ఇంటిలో నాడుకొను పలుకుబడియే పదమునకు ప్రాణమయినది.

పదనిర్మాణముకూడ ఈ భావమునకు తోడ్పడినది. పల్లవి, అనుపల్లవి, చరణములు దాని యంగములు. ప్రతి చరణము తుదను గాయిక పల్లవికి మరలివచ్చును. చరణమున జరిగినది కొంత తెలిసిన పిమ్మట, తొలుత నిందగా తోచిన పల్లవియే ఆత్మనిందగా వినబడును. అనుపల్లవితో ఎత్తుకొను ఆచారము నున్నది. అపుడు పల్లవి వినకమునుపే కారణము కొంత తెలియును. చేసిన దానినే మనసు మరల మరల తలపోయుట పశ్చాత్తాప లక్షణము కదా!

ఇచట గమనింపదగిన విషయ మొకటి కలదు. ఈ పదములను తరతరములుగా నిలిపినవారిలో దేవదాసీలు, కళావంతులు ముఖ్యులు. మద్రాసు రాష్ట్రమున 1947లో దేవదాసీ సమర్పణ నిషేధ చట్టము వచ్చెను. ఆ యాచారము తొలగుట న్యాయమే; కాని దానితో పాటు ఆ స్త్రీల కంఠములందలి విద్యకు ఆదరణ తగ్గినది. అచ్చుపుస్తకము మాటలను కాపాడినది. పల్లవి మూడవమారు వచ్చినపుడు ఏ మాటపై స్వరము నిలిచెనో అది చెప్పజాలదు. కావున పదసాహిత్య పరిశోధకులు ముద్రితపాఠముతో తృప్తిపడక, గాయికల పాఠాంతరములను, మిగిలిన ధ్వనిముద్రణములను కూడ ప్రమాణములుగా గ్రహింపవలసియున్నది. లేనిచో నాయిక పలుకు దక్కును గాని, ఆమె పరితాపము మనకు దక్కదు.