గిన్నెలో మూడు వందల ఏళ్లు

సాస్ అనగానే మనకు ఎర్రటి సీసా గుర్తొస్తుంది. పకోడీ పక్కనా, సమోసా పక్కనా ఒలికించుకునే తియ్యటి టమాటా సాస్. ఇటలీవాళ్లు పాస్తాలో కలుపుకునేది అది కాదు. వాళ్లది పొయ్యి మీద అప్పటికప్పుడు ఉడికేది. బాగా పండిన టమాటాలు, కాస్త నూనె, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు, గుప్పెడు ఆకు. అంతే సరంజామా. మాంసం లేదు, వెన్న లేదు, మీగడ లేదు. ఇంత సులువైన వంట ఆ దేశంలో అనాదిగా ఉండి ఉంటుందనుకుంటాం. కానీ ఇటలీ గడప తొక్కిన టమాటా పాస్తా గిన్నెలోకి చేరడానికి ఇంచుమించు మూడు వందల ఏళ్లు పట్టింది. ఏ కొత్తకోడలూ అన్నాళ్లు గుమ్మంలో నిలబడి ఉండదు సుమండీ!

టమాటా పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికోలోని నహువా ప్రజలు దాన్ని సాగుచేసి వండుకునేవారు. టమాటా అన్న మాట కూడా వాళ్ల భాషదే. 1521లో స్పెయిన్ సైనికులు అక్కడి రాజధానిని జయించాక ఆ విత్తనాలు ఓడలెక్కి యూరప్ చేరాయి. 1544లో మత్తియోలి అనే ఇటలీ వైద్యుడు తన పుస్తకంలో ఈ కొత్త కాయను వంకాయ పక్కన చేర్చి వర్ణించాడు. తర్వాత దానికి ‘బంగారు పండు’ అన్న పేరు స్థిరపడింది. ఇటాలియన్‌లో టమాటాను ఇప్పటికీ ‘పొమొదోరో’ అంటారు. ఆ మాటకు అర్థం అదే.

పేరు బంగారమే గాని, నోట్లో పెట్టుకునే ధైర్యం చాలామందికి లేకపోయింది. 1548లో ఫ్లారెన్స్ ప్రభువు కోసిమో మెదిచీ ఇంటికి ఆయన తోటలోంచి ఒక బుట్ట టమాటాలు వచ్చాయి. బుట్ట విప్పి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట! తిన్నట్టు మాత్రం ఆ ఉత్తరంలో లేదు. ఒంటికి చలవ చేస్తుంది, అరగదు అని వైద్యులు భయపెట్టేవారు. మనం నవ్వడానికి లేదు లెండి. ‘రామములగ’ అని ముద్దుగా పేరు పెట్టుకున్నా, తద్దినం వంటలోకి టమాటాను నేటికీ రానివ్వని ఇళ్లు మనలో ఎన్ని లేవు?

ఆ బుట్ట వచ్చిన నూట నలభై నాలుగేళ్లకు, 1692లో, నేపుల్స్ నగరంలో ఆంటోనియో లాతీని అనే ఆయన ఒక వంట పుస్తకం అచ్చు వేశాడు. ఆయన పెద్దింట్లో వంటశాల వ్యవహారాలు చూసే అధికారి. నేపుల్స్ అప్పుడు స్పెయిన్ ఏలుబడిలో ఉంది. అందుకేనేమో, ఆయన ఒక వంటకానికి ‘స్పానిష్ పద్ధతి టమాటా సాస్’ అని పేరు పెట్టాడు. టమాటాలను నిప్పుల మీద కాల్చాలి. తొక్క తీసేసి సన్నగా తరగాలి. ఉల్లిపాయ, మిరప, ఒక సువాసన ఆకు కలిపి, ఉప్పూ నూనే వెనిగరూ వేయాలి. చదివారుగా? వెనిగర్ బదులు చింతపండు పడితే అచ్చంగా మన కాల్చిన టమాటా పచ్చడే! యూరప్‌లో అచ్చయిన తొలి టమాటా సాస్‌గా చరిత్రకారులు దీన్నే చెప్తారు. ఇందులో మాంసం ముక్క లేదు, నెయ్యి చుక్క లేదు. శాకాహార సాస్ ఈనాటి ఫ్యాషన్ అనేవాళ్లకు ఈ పేజీ చూపించాలి.

అయితే లాతీని ఈ సాస్‌ను ఉడికించిన వంటకాల పక్కన నంజుకోమన్నాడు గాని పాస్తాలో కలపమనలేదు. ఆ రోజుల్లో నేపుల్స్‌లో పాస్తాకు తోడు చీజ్ తురుము. వీధి పొయ్యి దగ్గర కొనుక్కుని, తల పైకెత్తి చేత్తో నోట్లోకి జారవిడుచుకునేవారు. 1787లో అక్కడికి వెళ్లిన జర్మన్ కవి గోథే కూడా, ఈ మాకరోని చవగ్గా దొరుకుతుందనీ, పైన చీజ్ తురుము చల్లి ఇస్తారనీ రాసుకున్నాడు. టమాటా ఊసు లేదు.

ఈలోగా 1781లో విన్చెంజో కొర్రాదో అనే వంటవాడు కూరగాయల వంటలకు ప్రత్యేకంగా ఒక పుస్తకం రాసి దానికి ‘పైథాగరస్ భోజనం’ అని పేరు పెట్టాడు. పైథాగరస్ అంటే మన లెక్కల పుస్తకంలోని త్రిభుజం ఆయనే. మాంసం ముట్టని మనిషిగా ఆయనకు పేరు. యూరప్‌లో శాకాహారాన్ని చాలాకాలం ఆయన పేరుతోనే పిలిచేవారు. టమాటాకు ఆ పుస్తకంలో పెద్దపీటే దొరికింది.

చివరికి పెళ్లి కుదిరింది 1839లో. ఇప్పోలితో కవల్కాంతి అనే నేపుల్స్ ప్రభువు తన వంట పుస్తకం రెండో ముద్రణలో, సన్న సేమ్యాలాంటి వెర్మిచెల్లి పాస్తాను టమాటాతో కలిపే పద్ధతి రాశాడు. పండ్లు కోసి గింజలు తీసి, ఉడికించి, జల్లెడలో వేసి పిండి, ఆ రసాన్ని చిక్కబడేదాకా మరిగించమన్నాడు. ఆయన అందులో పంది కొవ్వు వేశాడు. నూనె వేసేవాళ్లు నూనె వేసుకున్నారు. ఉడికిన పాస్తాను ఆ సాస్‌లోనే వేసి, సెగ మీద కాసేపు తిప్పి దించమన్నాడు.

నాకు ముచ్చటగా తోచినవి రెండు. పాస్తా ఎంత ఉడకాలో చెప్పడానికి ఆయన ‘ఆకుపచ్చ ఆకుపచ్చగా’ అన్నట్టు రాశాడు, అంటే కాస్త పలుకుగా ఉండాలని. మనకూ ‘పచ్చి’ అంటే రంగూ అదే, ఉడకకపోవడమూ అదే! రెండోది, ఈ వంటకం పుస్తకం చివర చేర్చిన అనుబంధంలో ఉంది. విందు వంటలన్నీ పెద్దమనుషుల ఇటాలియన్‌లో రాసిన ఆ ప్రభువు, ఇంటి వంటల దగ్గరకొచ్చేసరికి నేపుల్స్ యాసలోకి దిగిపోయాడు. ఎందుకంటే ఆ వంట వంటింటి మనుషులది. ఆయన కలం పట్టకముందే ఏ ఇరుకు సందులోనో ఎవరో ఇల్లాలు దాన్ని వండే ఉంటుంది. ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

వైద్యుడు, అధికారి, వంటవాడు, ప్రభువు - ఇంతవరకు చెప్పిన పేర్లన్నీ మగవాళ్లవే, గమనించారా? గరిట పట్టినవాళ్లెవరో, కలం పట్టినవాళ్లెవరో! పేరు మిగిలిన ఒక ఆడమనిషి సంగతి చెప్తాను. 1891లో ఫ్లారెన్స్‌లో పెల్లెగ్రీనో ఆర్తూసి అనే డెబ్బై ఒక్కేళ్ల బ్రహ్మచారి, ప్రచురణకర్తలు వద్దంటే సొంత డబ్బుతో వంట పుస్తకం వేసుకున్నాడు. తర్వాత అది ఇటలీలో ఇంటింటి పుస్తకమైంది. అందులో టమాటా సాస్ చెప్తూ, అందరి కాపురాల్లోనూ ముక్కు దూర్చే ఒక మతగురువును ఊళ్లోవాళ్లు ‘టమాటా అయ్యవారు’ అని పిలిచేవారని చమత్కరించాడు. ఆయన సాస్ కూడా ఉల్లిపాయ, వెల్లుల్లి, సెలరీ, ఆకులు, కొంచెం నూనెతో చేసేదే. ఆ పుస్తకంలోని వంటలు చేసి చూపింది ఆయన ఇంట్లో పనిచేసిన మారియెత్తా సబతీని, ఫ్రాన్చెస్కో రుఫిల్లి. 1911లో కన్నుమూసిన ఆర్తూసి పుస్తకం హక్కులు వాళ్లిద్దరికీ రాసిచ్చి వెళ్లాడు. ఒక తీపి రొట్టెకు మారియెత్తా పేరే పెట్టాడు. వందల వంటల్లో ఒక్కదానికి. అదైనా దక్కింది!

మిగతావాళ్లకు దక్కింది చాకిరీ. ఎండాకాలం వచ్చిందంటే సిసిలీ ఆడవాళ్లు ఉడికించి పిండిన టమాటా గుజ్జును చెక్కబల్లల మీద పరిచి, రోజుల తరబడి ఎండలో తిప్పుతూ ఆరబెట్టేవారు. మనవాళ్లు చాపల మీద మామిడి తాండ్ర పోసినట్టే. ఏడాదికి సరిపడా సాస్ సీసాల్లో పట్టి పెట్టుకునే ఆనవాయితీ దక్షిణ ఇటలీ ఇళ్లలో ఇప్పటికీ ఉంది. డబ్బాల ఫ్యాక్టరీలు వచ్చాక అక్కడ టమాటాల ముందు నిలబడిందీ ఎక్కువగా ఆడవాళ్లే.

ఇక మన పొయ్యి దగ్గరకొద్దాం. నలుగురికి కిలో ఎర్రగా పండిన టమాటాలు తీసుకోండి. నాటువి పులుపు, నీరు ఎక్కువ. కండగల హైబ్రిడ్‌వి ఈ పనికి మేలు. వేడినీళ్లలో ఒక్క నిమిషం ఉంచితే తొక్క తేలిగ్గా ఊడుతుంది. వెడల్పు మూకుట్లో నాలుగు చెంచాల నూనె వేసి, చితక్కొట్టిన మూడు వెల్లుల్లి రెబ్బలు సన్నసెగ మీద వాసన వచ్చేదాకా ఉంచండి. ఎర్రబడనివ్వొద్దు, చేదెక్కుతుంది. ఆలివ్ నూనె ఉంటే సరే, లేకపోతే వేరుశనగ నూనెతో పని జరుగుతుంది. తరిగిన టమాటాలు, ఉప్పు వేసి, మూత పెట్టకుండా ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు మగ్గనివ్వండి. అంచున నూనె తేలితే అయినట్టే. వాళ్లు వేసే బేసిల్ ఆకు కోసం తులసికోట జోలికి వెళ్లనక్కర్లేదు. మన సబ్జా గింజల మొక్క ఆ జాతే. దాని ఆకు నాలుగు రెబ్బలు చివర్లో తుంచి వేయండి.

నాలుగు వందల గ్రాముల పాస్తాను ఉప్పు వేసిన నీళ్లలో పలుకుగా ఉడికించి వార్చండి. గంజి మాత్రం పారబోయకండి. ఒక గరిటెడు సాస్‌లో కలిపితే అది పాస్తాను చక్కగా అంటుకుంటుంది. అంతా కలిపి రెండు నిమిషాలు సెగ మీద తిప్పండి. ఆ ప్రభువు రాసిందీ ఇదే, ఆయనకు నేర్పిన ఇల్లాలు చేసిందీ ఇదే.

కుదిరిందనుకున్నాక మీ వంటల నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. ఆ పక్క పేజీలో మీ అత్తగారి కందిపచ్చడి, మీ అమ్మ పులుసు ఉన్నాయేమో చూడండి. ఉంటే, కింద వాళ్ల పేర్లు కూడా రాయండి.