పద్దుల పుస్తకములో ఒక యువజన సంఘము

బళ్ళారిలో తెలుగు నాటకముల ప్రసక్తి వచ్చినచో మూడు పేర్లు తప్పక వినవచ్చును. ధర్మవరం కృష్ణమాచార్యులవారి (1853–1912) సరసవినోదినీ సభయు, కోలాచలం శ్రీనివాసరావుగారి (1854–1919) సుమనోరమ సభయు ఒకే ఊరిలో పోటీపడి నాటకములాడినవి. చిన్ననాడే షేక్స్పియరు క్లబ్బు నొకదానిని నెలకొల్పిన రాఘవ (1880–1946) తరువాత దేశమంతట పేరొందెను. కాని ఆ రోజులలో టిక్కెట్లమ్మినదెవరు, దీపములకు నూనె తెప్పించినదెవరు, చందాలు పోగుచేసి లెక్క వ్రాసినదెవరు అని యడిగినచో చెప్పగలవారు కానరారు. వేషము కట్టినవాని పేరు నిలిచినది. పద్దు వ్రాసినవాని పేరు చెరగినది.

ఆ మహాసభలంతటిది కాకున్నను, తెలుగు యువకులు కూడి నడిపిన సంఘమొకటి మా పేటలోను ఉండెడిది. చిన్న పఠనమందిరము, ఏటికి రెండు నాటకములు, దసరాకు వక్తృత్వపు పోటీలు — ఇదియే దాని వ్యాపకము. దాని అధ్యక్ష కార్యదర్శుల పట్టికను సిద్ధపరుపుడని పెద్దలు మమ్ము కోరిరి. సులభమైన పనియే యని తలచి ఒప్పుకొంటిమి. వారము తిరుగకముందే రెండు కుటుంబములవారు వేర్వేరుగా వచ్చి, తొలి కార్యదర్శి తమ తాతగారే యని చెప్పిపోయిరి. ఇరువురును అబద్ధమాడువారు కారు. ఇరువురియొద్దను కాగితము లేదు.

ఇట్టి వెదకులాటలో మొదట తట్టవలసిన తలుపు రిజిస్ట్రారు కచేరి. సంఘముల నమోదునకై 1860లో వచ్చిన 21వ ఆక్టు 4వ సెక్షను ప్రకారము, ప్రతి సంఘమును ఏటేట సర్వసభ్య సమావేశము జరిగిన పదునాలుగు దినములలో తన కార్యవర్గపు జాబితాను దాఖలు చేయవలెను. అందు పేర్లే కాదు, చిరునామాలు, వృత్తులు కూడ ఉండవలెను. వకీలా, గుమాస్తాయా, బడిపంతులా యన్న ఆ ఒక్క మాట చరిత్ర వ్రాయువానికి ఎంత మేలు! 19వ సెక్షను ప్రకారము రూపాయి రుసుము చెల్లించి ఎవరైనను ఆ కాగితములను చూడగల వీలుండెడిది. మైసూరు పేరుతో 1960లో వచ్చి, ఇప్పుడు కర్ణాటక చట్టముగా పిలువబడుచున్న దానిలోను వార్షిక జాబితా నియమము కలదు. అయితే నమోదు నిర్బంధము కాదు. నెలకు అణా, రెండణాలు చందా వసూలు చేసుకొను కుర్రవారికి రిజిస్ట్రారుతో ఏమి పని? అట్టి సంఘములు పెక్కు ఆ గడప త్రొక్కనే లేదు. మాదియు అట్టిదే యని ఆలస్యముగా తెలిసినది.

బళ్ళారికి మరియొక చిక్కు కలదు. 1953 సెప్టెంబరు 30 వరకు ఇది మద్రాసు రాష్ట్రపు జిల్లా. మరునాడు ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయినవి. మిశ్రాగారి నివేదిక పిమ్మట బళ్ళారి తాలూకా మైసూరులో చేరినది. ఇండ్లు కదలలేదు, మనుష్యులు కదలలేదు, సర్కారు కదలినది. అందుచేత పాత కాగితమునకై చెన్నపట్టణపు ఎగ్మూరులోని దస్తావేజుల భవనమును, కొత్త కాగితమునకై బెంగుళూరును చూడవలసి వచ్చును. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో చేరిన బరంపురమువారికిని ఈ అవస్థయే. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలోనున్న యానాము సోదరులు పాత దస్త్రములు చదువుటకు ఆ భాష కూడ నేర్వవలసి యుండును. వారితో పోల్చినచో మా పాట్లు తక్కువే.

పత్రికలను తిరుగవేయుట మరియొక మార్గము. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసున దినపత్రికయైన ఆంధ్రపత్రికలో ఊరూరి సభల వార్తలు వచ్చుచుండెడివి. కాని విలేఖరి అధ్యక్షత వహించినవారి పేరు వ్రాసి, "మరికొందరు ప్రసంగించిరి" అని ముగించును. మనకు కావలసినది ఆ మరికొందరే.

పేర్లు దొరికినను పని తీరదు. రాఘవనే చూడుడు. ఆయన ఇంటిపేరు తాడిపత్రి, అసలు పేరు రాఘవాచార్యులు, లోకమెరిగినది బళ్ళారి రాఘవ. ఇంగ్లీషు కాగితములలో ఇట్టి పేర్ల చివర ఆచారి, ఆచార్లు, ఆచార్య యని మూడు విధములుగా వ్రాయుట వాడుక. ప్రసిద్ధుని విషయమున ఎవరును పొరబడరు. సామాన్యుని గతి యేమి? మన తెలుగువారు ఇంటిపేరు పొడియక్షరమును ముందుంచుదురు. కన్నడ బడిలో చదివిన కుర్రవానికి ఊరిపేరో తండ్రిపేరో పొడియక్షరమగును. అన్న ఒక అక్షరముతోను, తమ్ముడు వేరొక అక్షరముతోను కనిపించినచో ఒకే యింటివారని ఎట్లు పోల్చగలము? ఒకే మనిషిని ఇద్దరుగా ఎంచి, పట్టికలో రెండు గడులు నింపి, పిమ్మట కొట్టివేసిన సందర్భములు మాకు నాలుగు కలవు.

ఒక ఇంటి గోడపై వార్షికోత్సవపు ఛాయాచిత్రము దొరికినది. కుర్చీలలో కూర్చున్నవారు ప్లీడర్లు, షావుకార్లు. వెనుక నిలుచున్నవారు సభ్యులు. నేలపై జంబుఖానా మీద ఇద్దరు బాలురు, వారి నడుమ వెండి గిన్నె. అట్టమీది పేర్లలో సగము చెదలు తిన్నది. మిగిలిన సగములో కార్యదర్శి లేడు.

చివరకు మినిట్సు పుస్తకము దొరికినది మరియొక ఇంటి ట్రంకు పెట్టెలో. మా మొగములలోని ఆత్రము చూచి ఆ ఇంటి ముసలమ్మ నవ్వి, "ఇంకేముంది నాయనా, మిగిలిన కాగితాలు పాలలెక్కకు పనికొచ్చినాయి" అనెను. నిజమే. ముందు పుటలలో తీర్మానములు, వెనుక పుటలలో పావుశేరు, అరశేరు లెక్కలు. పాలలెక్క లేకున్నచో ఆ పుస్తకము ఏనాడో పొట్లములకు పోయి యుండెడిది.

ఇద్దరు తాతలును అందున్నారు. ఒకరు కోశాధికారి, రెండవవారు రెండవ యేటి సహాయ కార్యదర్శి. తొలి మూడేండ్ల కార్యదర్శి ఇరువురిలో ఎవరును కారు, తెలుగింటివాడును కాడు. ఆ వీధిలోనే కాపురమున్న కన్నడ బడిపంతులు. తెలుగున వ్రాసిన తీర్మానములలో తలకట్టు వచ్చిన చోటనెల్ల కన్నడపు తలకట్టు పడినది. పద్దులు మాత్రము కాని కూడ తప్పలేదు. ఒక మాసమున నాటకపు పరదా అద్దెకు తక్కువైన మూడు రూపాయలను తన పేర జమకట్టుకొని, తిరిగి తీసికొన్నట్లు ఎచ్చటను వ్రాయలేదు.

ఈ సంగతి సమావేశమున చదివినపుడు ఒక పెద్దమనిషి, "తెలుగు సంఘపు పట్టికలో మొదటి పేరు అదియా?" అని ప్రశ్నించెను. కొంతసేపు ఎవరును మాటాడలేదు. అంతట కోశాధికారిగారి మనుమడే లేచి, తన తాత ఆ పంతులుగారి చేతనే లెక్క వ్రాయుట నేర్చుకొనెనని ఇంట చెప్పుకొనుట కలదనియు, ఆయన ఎవరో తనకు ఇప్పుడే తెలిసినదనియు చెప్పెను. పేరు మొదటనే యుంచితిమి.

1953వ సంవత్సరపు పుటలు రెండు కత్తిరింపబడి యున్నవి. ఎవరు, ఎందులకు కత్తిరించిరో అడిగి తెలిసికొనుటకు ఆనాటివారు లేరు. ఆ యేటి గడిని ఖాళీగానే ఉంచి పట్టికను అచ్చునకిచ్చితిమి.