ఊరు దాటితేనే ఇంటిపేరు

తెలుగు ఇంటిపేర్లలో చాలా భాగం ఊరి పేర్లేనని అందరికీ తెలుసు. అయితే ఆ పేరు ఆ ఊళ్ళోనే ఉండిపోయినవాడికి దేనికీ పనికిరాదన్న సంగతి మాత్రం అంతగా ఎవరూ పట్టించుకోరు. కందుకూరులో ఉన్నవాళ్ళంతా కందుకూరివాళ్ళే. ఆ మాటతో అక్కడ ఒక ఇంటిని పక్కింటి నుంచి వేరుచెయ్యలేం. 1848లో రాజమహేంద్రవరంలో పుట్టిన కందుకూరి వీరేశలింగానికైతే అది చక్కగా పనికొస్తుంది. కాబట్టి ఊరి పేరున్న ఇంటిపేరు ఉన్నచోటును కాక వదిలివచ్చిన చోటును చెబుతుందనీ, దాన్ని పెట్టింది కూడా ఆ ఇంటివాళ్ళు కాక వాళ్ళు చేరిన ఊరివాళ్ళేననీ నేననుకుంటాను.

దీనికి మొదటి సాక్ష్యం వ్యాకరణంలోనే ఉంది. ఇంటిపేరులో ఊరి పేరు చాలాసార్లు ఉన్నదున్నట్టు నిలవదు. ఇల్లు ‘ఇంటి’ అయినట్టే ఓరుగల్లు ‘ఓరుగంటి’ అవుతుంది, పానుగల్లు ‘పానుగంటి’ అవుతుంది, కొండవీడు ‘కొండవీటి’ అవుతుంది. ఇలా చివర వచ్చే ‘టి’ వంటివాటిని వ్యాకరణం ఔపవిభక్తికాలంటుంది. వెనక ‘వారు’ అనో ‘వాడు’ అనో ఒక మాట ఉంటే తప్ప ఆ రూపానికి పొంతన కుదరదు. కొత్తగా వచ్చినవాళ్ళను ఊరు పిలుచుకున్న తీరు అది. పైగా ఓరుగంటివారు ఒక్క కులంలోనే లేరు. బ్రాహ్మణుల్లో ఉన్నారు, ఇతర కులాల్లోనూ ఉన్నారు. వీళ్ళందరికీ మూలపురుషుడు ఒకడే కానక్కర్లేదు, బయలుదేరిన ఊరు ఒకటైతే చాలు.

ఆ ప్రయాణాలు ఎంత దూరం సాగాయో తెలియాలంటే తెలుగునాడు దాటి చూడాలి. త్యాగయ్య 1767లో పుట్టింది తిరువారూరులో. ఇంటిపేరు కంభం వైపున్న కాకర్లది. విశ్వేశ్వరయ్య 1861లో పుట్టింది కన్నడసీమలోని ముద్దెనహళ్ళిలో. ఆయన ఇంటిపేరైన మోక్షగుండం ఉన్నది గిద్దలూరు వైపు. రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో పుట్టారు. ఆయన ఇంటిపేరైన సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉంది. తంజావూరు, మధుర నాయకరాజుల కొలువుల్లో తెలుగువాళ్ళకు ఆదరణ దొరకడంతో విద్వాంసులూ సైనికులూ రైతులూ దక్షిణానికి నడిచారు. తరాలు గడిచి పొలాలు పోయాయి, కొన్ని ఇళ్ళలో మాటల్లో తమిళమో కన్నడమో కలిసింది, ఊరి పేరు మాత్రం ఊడిపోలేదు.

ఈ వాదనకు అభ్యంతరాలు లేకపోలేదు. ఇంటిపేర్లు తెల్లదొరల రిజిస్టర్లు తెచ్చిపెట్టినవని కొందరంటారు. కానీ రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి శాసనం 1213 నాటిది. సాళువ నరసింహరాయలకు జైమినిభారతం అంకితమిచ్చిన పిల్లలమర్రి పినవీరభద్రుడు పదిహేనో శతాబ్దివాడు. దొరలు చేసింది పేరును కాగితం మీద బిగించడం వరకే. దీనికంటే గట్టి ప్రశ్న మరొకటుంది: తాళ్ళపాక అన్నమయ్య పుట్టింది తాళ్ళపాకలోనే కదా? నిజమే. కానీ ఆయన పేరు మోగింది తిరుమలలో. ఊళ్ళో పెద్దరికమో మాన్యమో ఉన్నవాళ్ళు అక్కడే ఉంటూ ఊరి పేరు పెట్టుకున్న సందర్భాలు కూడా ఉన్నాయని ఒప్పుకోవాలి. అయితే అక్కడ కూడా ఆ పేరుతో పని పడేది కొలువులోనో కోవెలలోనో, పరాయివాళ్ళ మధ్యనే.

మరి ఆవుల, మేకల, బండి, గుంటక మాటేమిటి? ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాల, తెగల గురించి ఏడు సంపుటాలుగా వెలువరించిన గ్రంథంలో ఇలాంటి ఇంటిపేర్లను అర్థాలతో సహా వరసబెట్టాడు. అవి చూసి ఇంటిపేర్లన్నీ ఆదిమ కులచిహ్నాలేనని తీర్మానించడం తొందరపాటు. తమ పేరున్న చెట్టు జోలికి పోని ఇళ్ళు కొన్ని ఉన్న మాట వాస్తవమే, కానీ గుంటకను చిహ్నంగా పూజించిన పూర్వీకుణ్ణి ఊహించడం నాకు కష్టంగా ఉంది. ఊరు కదలని ఇళ్ళను ఒకదాన్నుంచి ఒకటి గుర్తుపట్టడానికి ఊరి పేరు అక్కరకు రాదు గనక మందో బండో పనిముట్టో ఆనవాలు అయి ఉంటుంది. ద్వివేదుల, సోమయాజుల వంటివి చదువునూ క్రతువునూ పట్టి వచ్చినవి. అవి వేరే తోవ. పైన నేను చెప్పిన మనుషుల్లో రాతకెక్కిన కొలువువాళ్ళూ పండితులూ ఎక్కువన్నది మరో లోపం. గొర్రెలకాపరీ కూలీ ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్ళారో శాసనాలు చెప్పవు. వాళ్ళ విషయంలో ఇంటిపేరే శాసనం.

ఇంగ్లిషు పద్ధతి వచ్చాక మోక్షగుండం ‘ఎం’ అయింది, సర్వేపల్లి ‘ఎస్’ అయింది. తమిళనాడులోని చాలా తెలుగు కుటుంబాల్లో ఆ ఒక్క అక్షరం కూడా తండ్రి పేరుకే పోయింది. వాళ్ళ బడి రికార్డులో ఇంటిపేరు కనబడదు. పెళ్ళిసంబంధం మాట్లాడేటప్పుడు మాత్రం చాలా ఇళ్ళలో ముందుగా అడిగేది అదే. ఒకే కులంలో రెండు వైపులా ఇంటిపేరు ఒకటైతే మాట అక్కడితో ఆగిపోతుంది.