కొండలోయలోని రబ్బరుమొక్క

మన హైదరాబాదునగరమున చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు వీథులవెంట, గోడల మొదళ్లను, నాలాగట్లను గడ్డిచామంతి యను చిన్నమొక్క తనంతట తానే మొలచుచుండును. మీ పొలముగట్లమీదను దీనిని చూడనివారుండరు. దాని యాకు నలిపి గాయమునకు పిండుట మన పిల్లలకును తెలియును. పూవు వాడినపిమ్మట దూదికుచ్చుగల విత్తనములు గాలికెగిరిపోవును. ఈ చామంతికుటుంబమునకే చెంది, శీతలదేశములందు విరివిగా పెరుగు మొక్క యొకటి కలదు. ఆకుల యంచులు కోరలవలె నుండుటచే ఫ్రెంచివారు దానికి సింహదంతమను నర్థమిచ్చు పేరిడిరి. ఆ పేరే యాంగ్లేయుల నోట డాండెలయన్ అయినది. ఈ సింహదంతములలో మిక్కిలి యరుదైన జాతి యొకటి మహారాజ్యములనే తనకొరకు వెదకునట్లు చేసినది. దాని చరిత్రమును నేడు మనవిచేసెదను.

మొదట రబ్బరు మాట చెప్పవలెను. రబ్బరుచెట్టు బ్రెజిలు అడవులలోనిది. 1876వ సంవత్సరమున హెన్రీ విక్‌హామను నాంగ్లేయుడు సుమారు 70 వేల విత్తనములను లండనుచెంతనున్న క్యూ తోటకు చేర్చెను. అచ్చట మొలచిన నారు సింహళమునకును సింగపూరునకును పోయెను. క్రమముగా మలయాదేశమంతట రబ్బరుతోటలు వ్యాపించినవి. ఆ తోటలలో చెట్టు గీచి పాలుపట్టుటకు తమిళులతోపాటు మన తెలుగుజిల్లాల కూలీలును ఓడలెక్కి పోయిరి. లోకమందలి మోటారుచక్రములకు వారి చెమట ఆధారమయ్యెను.

రష్యా చలిదేశమగుటచే ఈ చెట్టక్కడ బ్రదుకదు. కావున 1930వ సంవత్సరము తరువాత సోవియట్ ప్రభుత్వము, తమ నేలలోనే రబ్బరుపాలుగల మొక్కలను వెదకుటకు శాస్త్రజ్ఞులను పంపెను. కజకిస్థానమున, చీనా సరిహద్దుచెంత, తియాన్‌షాన్ పర్వతములనడుమ కెగెన్, తెకెస్ నదుల లోయలలో వారికొక సింహదంతము లభించెను. సముద్రమట్టమునకు సుమారు 6 వేల అడుగుల యెత్తున, చవుడుకలిసిన చెమ్మనేలల పచ్చికబయళ్లే దాని నివాసము. దాని పేరు కోక్‌సఘిజ్. సఘిజ్ అనగా కజకుల భాషలో నమలెడి బంక. శాస్త్రజ్ఞులు రాకమునుపే అచ్చటి జనులు దాని వేళ్లను నమలుచుండిరి. 1933లో రోడిన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు దానిని క్రొత్తజాతిగా వర్ణించెను. ఎండిన వేరును విరిచి మెల్లగా లాగినచో సాలెపట్టువంటి సన్నని దారములు తెగక సాగును. అదియే రబ్బరు.

ఇంతలో మహాయుద్ధము వచ్చెను. 1942 ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు జపానుచేత జిక్కగా, అమెరికాకు రావలసిన రబ్బరులో నూటికి సుమారు తొంబదిపాళ్లు నిలిచిపోయెను. 1941నాటికే సోవియట్ రైతులు సుమారు 67 వేల హెక్టార్లలో, అనగా 1,65,000 ఎకరములకు పైగా, కోక్‌సఘిజ్ సాగుచేసియుండిరి. అమెరికా ఆ విత్తనములను దెప్పించి తన నేలలో నాటించెను. జర్మనులు ఆష్‌విట్జ్ బందిఖానాచెంత రాయిస్కోయను చోట బందీస్త్రీలచేత దీనిమీద పరిశోధన చేయించిరి. మలయాతోటలలో పనిపోయిన మన తెలుగు, తమిళ కూలీలలో ననేకులను జపానువారు బర్మా–సయాము రైలుమార్గము వేయుటకు గొనిపోయిరి. 1942–43 సంవత్సరములలో ఆ యడవులలో వేలకొలది జనులు ఆకలిచేతను రోగములచేతను మరణించిరి. రబ్బరు చరిత్రమున నీ పుటను మనము మరువరాదు.

యుద్ధము ముగిసినది. మలయారబ్బరు మరల చవుకగా దొరకెను, కృత్రిమరబ్బరును వచ్చెను. కొలది యేండ్లలో కోక్‌సఘిజ్ సాగు మూలబడెను. కొన్ని దేశములవారు దాని విత్తనములను కొట్లలో భద్రపరచిరి. అయితే చాలకాలమునకు పరీక్షింపగా, కోక్‌సఘిజ్ అని చీటీ యంటించిన విత్తనములలో ననేకము వేరొక సింహదంతమువని తేలినది. ఆ రెండవజాతి పుప్పొడితో పనిలేకయే గింజకట్టును. పోలికలో దగ్గర, రబ్బరులో మాత్రము పేద. అసలైన కోక్‌సఘిజ్ గింజకట్టుటకు తోటిమొక్క పుప్పొడి యావశ్యకము. అందుచే 2008లో అమెరికా శాస్త్రజ్ఞులు కజకిస్థానమునకే పోయి విత్తనములు సేకరింపవలసి వచ్చెను. ఇటీవల జర్మనీలో సింహదంతపు రబ్బరుతో సైకిలుటైర్లును చేసిరి. ఇట్లు లోకమునకు మరల కావలసివచ్చిన యీ మొక్క, తన పుట్టినింటనే యరుదై, కజకిస్థానపు ఎఱ్ఱపుస్తకమున, రక్షింపవలసిన మొక్కల పట్టికలో చేరియున్నది.

పెద్దలారా! కొట్టులోని చీటీ తప్పిపోవచ్చును; లోయలోని నేల తప్పిపోలేదు. ఆ పచ్చికబయళ్లే దున్నబడియుండినచో, వెదకబోయినవారికి చూపుటకేమి మిగిలెడిది? ఆ వేరులో బంక కలదని శాస్త్రజ్ఞులకంటె ముందెరిగినవారు పల్లెజనులే గదా! మీ చెరువుగట్టులను, బంజరులను మొలచు మొక్కలలో దేని పేరేమో, దేని వేరు దేనికి పనికివచ్చునో మీకు తెలియును. ఆ పేర్లను మీ మనుమలచేత నొక పుస్తకమున వ్రాయింపుడు. గ్రామమున కొంత బంజరునైనను నాగలి సోకనీయక విడిచిపెట్టుడు. ఏ గడ్డిమొక్క యేనాటి కక్కరకు వచ్చునో ముందుగా చెప్పగలవారెవరు?